తివాచీ మీద ఆవకాయ పడితే



ఈ పూట తివాచీల మీద పడే మొండి మరకల గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో నేల మీద పరిచేది వరంగల్ జంపఖానా కావచ్చు, ఏలూరు ఉన్ని తివాచీ కావచ్చు, బజారులో కొన్న మిషన్ కార్పెట్ కావచ్చు. దాని మీద ఏదో ఒకరోజు ఏదో ఒకటి ఒలకక మానదు. పసుపు, నూనె, కారం లేని వంట మనకు లేదు. కుంకుమ లేని పండుగ లేదు. ఇంటికొచ్చిన మనిషికి టీనో కాఫీనో ఇవ్వకుండా పంపే అలవాటూ లేదు. మరక పడిందంటే అది చాలావరకు వీటిదే. అందుకని మన ఇళ్ళలో పడే మరకల సంగతే చెబుతాను.

ముందుగా ఒక్కమాట. తివాచీలు మరక వల్ల పాడయ్యేది తక్కువ. మరక పడగానే మనం కంగారులో చేసే పనివల్ల పాడయ్యేదే ఎక్కువ. పులుసు గిన్నె ఒలికిందనుకోండి. ఒకరు చెంబెడు నీళ్ళు తెచ్చి పోస్తారు. ఇంకొకరు గుప్పెడు బట్టల పౌడరు చల్లి, బ్రష్షుతో పరపరా రుద్దేస్తారు. చీరకు మరకైతే ఈ వరస కొంతవరకు చెల్లుతుంది, ఎందుకంటే చీరను బకెట్లో ముంచి నాలుగు నీళ్ళలో జాడించి పిండుతాం. తివాచీని జాడించలేం, పిండలేం. పోసిన నీళ్ళు మరకను అడుగుకు తీసుకుపోతాయి. చల్లిన పౌడరు పోగుల్లోనే ఉండిపోయి, తర్వాత నెలల తరబడి దుమ్మును పట్టుకుంటుంది. రుద్దినచోట పోగుల కొసలు విడిపోయి నూగు లేస్తుంది. రంగు పోయినా ఆ నూగు పోదు. మరకతో పోయేదానికి మచ్చ మిగులుతుంది.

కాబట్టి మొదటి అయిదు నిమిషాల్లో చేయవలసింది అద్దడమే. తెల్లటి పాత నూలు గుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కలాంటిది, మడత పెట్టి మరక మీద అరచేత్తో గట్టిగా నొక్కాలి. తీయాలి, మడత మార్చాలి, మళ్ళీ నొక్కాలి. రంగు గుడ్డ వాడకూడదు, దాని రంగు తివాచీకి అంటుతుంది. గట్టి పదార్థమైతే చెంచా అంచుతో, మరక చుట్టూ ఉన్న అంచు నుంచి మధ్యకు తోసుకుంటూ ఎత్తాలి. మధ్య నుంచి బయటికి తోస్తే రూపాయి బిళ్ళంత మరక పళ్ళెమంత అవుతుంది.

అద్దిన తర్వాత ఇక ఏం రాయాలన్నది తివాచీ దేనితో చేసిందో తెలిస్తేగాని చెప్పలేం. అమ్మినవాళ్ళు చెప్పిన మాట గుర్తులేకపోతే చిన్న పరీక్ష ఉంది. తివాచీ వెనకవైపు, ఒక మూల నుంచి చిన్న పోగు లాగండి. పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్ళెం పెట్టుకుని, అగ్గిపుల్లతో అంటించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నుసి వేళ్ళతో నలిపితే పొడి అయితే అది ఉన్ని. కాగితం కాలిన వాసన వస్తే నూలు, జనుము, లేదా పట్టులా మెరిసే విస్కోస్. కరిగి, చల్లారాక గట్టి పూసలా బిగిస్తే అది పాలీప్రొపిలీన్, నైలాన్ వంటి సింథటిక్ పోగు. విస్కోస్ విషయంలో చాలామంది మోసపోతారు. పట్టు తివాచీ అని కొనుక్కుంటారు. తడిసినప్పుడు దాని పోగు బలం బాగా తగ్గిపోతుంది, ఆరాక పసుపుపచ్చగా మారే గుణమూ ఉంది. దాన్ని తడిగుడ్డతో అద్దడం వరకే మన పని, ఆపైన చేయి పెట్టకండి.

ఉన్ని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే విలువైనది అదే. ఏలూరులో ఉన్ని తివాచీలు నేసే విద్య పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళతో మొదలైందని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు కూడా ఉన్నాయి. ఇలాంటి తివాచీలో నూలు పడుగు మీద ఉన్ని పోగును ఒక్కొక్కటిగా చేత్తో ముడివేసి, వరస పూర్తికాగానే పేక నడిపి దిగగొట్టి, పైన కొసలను కత్తెరతో సమం చేస్తారు. అంత శ్రమ ఉన్న వస్తువు మీద మనం ఏం పోస్తున్నామో తెలిసి పోయాలి.

ఉన్ని అంటే కెరాటిన్ అనే ప్రొటీను. మన జుట్టు, గోళ్ళు కూడా అదే. క్షారం దానికి పడదు. ద్రవరూపంలో దొరికే క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నిని తినేస్తుంది, ఎక్కువసేపు నానితే పోగే కరిగిపోతుంది. ఎంజైములు కలిపిన బట్టల పౌడర్లు నెత్తురు, గుడ్డు వంటి ప్రొటీను మరకలను అరిగించడానికి తయారైనవి. ఉన్ని, పట్టు కూడా ప్రొటీన్లే కాబట్టి వాటినీ అరిగిస్తాయి. మరుగుతున్న నీళ్ళు పోసి రుద్దితే ఉన్ని అట్టకట్టేస్తుంది. నూలు జంపఖానాకు ఇంత భయం అక్కర్లేదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నూలువే, మామూలు సబ్బును తట్టుకుంటాయి. అక్కడ చూసుకోవలసింది రంగు దిగడం ఒక్కటే. వెనకవైపు మూలలో తడి తెల్లగుడ్డ పెట్టి నిమిషంసేపు నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో తడి పని మానుకోండి.

మరి మన చేతిలో ఉన్న సబ్బు ఉన్నికి పడుతుందో పడదో ఎలా తెలుస్తుంది? దానికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటింట్లో పసుపు డబ్బా ఉంటే చాలు. పెళ్ళిళ్ళలో పారాణి ఎలా చేస్తారో మీకు తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. సున్నం క్షారం, పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థానికి క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. తెల్లచొక్కా మీద పప్పు మరకకు సబ్బు రాయగానే ఎర్రబడేదీ ఇందుకే. ఈ గుణాన్నే మనం వాడుకోవచ్చు. చిటికెడు పసుపు నీళ్ళతో కలిపి తెల్ల కాగితం మీద పూసి ఆరనివ్వండి. మీరు వాడాలనుకున్న సబ్బునీళ్ళు ఒక చుక్క దాని మీద వేయండి. చుక్క పడినచోట ఎర్రబడితే అది ఉన్ని తివాచీకి తగదు. పసుపుగానే ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. బట్టల సబ్బుబిళ్ళ, వంటసోడా ఈ పరీక్షలో నిలవవు. గిన్నెలు తోమే లిక్విడ్లలో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు, కాబట్టి మీ ఇంట్లో ఉన్నదాన్ని మీరే పరీక్షించుకోవాలి. కుంకుడుకాయ రసం నిలుస్తుంది. పట్టుచీరలకు, శాలువాలకు మన పెద్దవాళ్ళు కుంకుడు వాడటంలో ఎంతో తెలివి ఉంది. దాని నురగ మురికిని లాగుతుంది, స్వభావంలో కాస్త ఆమ్లం. అయితే ఆ రసానికి గోధుమరంగు ఉంటుంది కాబట్టి లేతరంగు తివాచీలకు రసం పోయకుండా, గిలక్కొట్టి పైనున్న నురగ మాత్రమే తీసి వాడాలి.

ఇప్పుడు ఆవకాయకు వద్దాం. మొండి మరకల్లో నన్ను అడిగితే మొదటి స్థానం దానిదే. నూనె ఉంది, కారంలో ఎర్రరంగు ఉంది, పసుపు ఉంది, ఆవపిండి ఉంది. కారం రంగు, పసుపు రంగు రెండూ నూనెలో కరిగేవే, నీళ్ళకు లొంగవు. అందుకే తడిగుడ్డతో ఎంత తుడిచినా నూనె అలాగే ఉంటుంది, ఆ నూనెతో పాటు రంగూ పోగులోకి దిగుతుంది. కాబట్టి ముందు నూనెను పట్టాలి. ముక్కను చేత్తో తీసేయండి. ఊటను చెంచాతో ఎత్తండి. తర్వాత నీళ్ళు ముట్టకుండా, ఆ జిడ్డు మీద మొక్కజొన్న పిండి గానీ, పిల్లలకు రాసే టాల్కం పౌడరు గానీ మందంగా చల్లండి. వంటసోడా వద్దు, పైన చెప్పానుగా, పసుపు ఎర్రబడుతుంది. అరగంట ఆగండి. పిండి నూనెను పీల్చుకుని నారింజరంగుకు తిరుగుతుంది. దాన్ని చెంచాతో తీసి, మళ్ళీ కొత్త పిండి చల్లండి. చల్లిన పిండి పొడిగా, తెల్లగా మిగిలేదాకా ఇదే పని. మిగిలిన పొడిని వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి, లేకపోతే తివాచీని తిరగేసి దులపండి.

ఇప్పుడు మిగిలింది రంగు. దానికి మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ పనికొస్తుంది. పసుపు రంగు స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. కిటికీలు తెరవండి, దీపం, స్టవ్, సిగరెట్టు ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. స్పిరిట్‌ను తివాచీ మీద ఎప్పుడూ పోయకండి. మిషన్ కార్పెట్లకు వెనక పోగులను పట్టి ఉంచే రబ్బరు జిగురు ఉంటుంది, అది మెత్తబడి పోగులు ఊడివస్తాయి. గుడ్డ కొసను స్పిరిట్‌తో తడిపి, అంచు నుంచి మధ్యకు అద్దుతూ రండి. గుడ్డ మీదికి పసుపు, ఎరుపు దిగుతున్నంతసేపూ పని సాగుతున్నట్టే. ప్రతిసారీ గుడ్డలో శుభ్రమైన చోటు చూసి వాడండి, లేకపోతే తీసిన రంగునే తిరిగి పూస్తాం. రంగు దిగడం ఆగాక, కప్పు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా గిన్నెల లిక్విడ్, పసుపు పరీక్షలో నెగ్గినది, కలిపి ఆ నీళ్ళతో అద్దండి. తర్వాత ఒట్టి నీళ్ళతో అద్దండి. చివరగా ఒకపాలు తెల్ల వెనిగర్, రెండుపాళ్ళు నీళ్ళు కలిపి అద్ది, మళ్ళీ ఒట్టి నీళ్ళు. పొడిగుడ్డతో నొక్కి తడి తీసేయండి.

ఇంత చేసినా లేత పసుపు నీడ ఒకటి మిగలవచ్చు. దానికి ఎండ ఉంది. కుర్కుమిన్ వెలుతురుకు నిలవదు. తివాచీ అంతా మందపాటి దుప్పటి కప్పి, మరకంత మేర మాత్రమే తెరిచి ఉంచి, పొద్దుటి ఎండలో పెట్టండి. రెండు మూడు పూటలు పట్టవచ్చు. దుప్పటి ఎందుకంటే ఎండకు పసుపు ఒక్కటే కాదు, తివాచీ రంగులూ వెలుస్తాయి. తెరిచిన చోటునూ గమనిస్తూ ఉండండి, నీడ పోగానే లోపలికి తెచ్చేయాలి.

టీ, కాఫీల సంగతి వేరు. వాటిలో టానిన్ ఉంటుంది. కలంకారీ పనివాళ్ళు గుడ్డకు రంగు పట్టాలని ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు. కరక్కాయలో ఉన్నది కూడా టానిన్ జాతి పదార్థమే. పాలు పోసిన టీ ఒలికిందంటే ఆ పనిని మనం తెలియకుండా తివాచీకి చేసినట్టే. అందుకే ఆలస్యం పనికిరాదు. బట్టల సబ్బుబిళ్ళ రాయకండి, టానిన్ మరక ఇంకా బిగుస్తుంది. ముందు చల్లటి నీళ్ళతో అద్దండి, తర్వాత గిన్నెల లిక్విడ్ కలిపిన నీళ్ళు, ఆపైన వెనిగర్ నీళ్ళు, ఆఖర్న ఒట్టి నీళ్ళు. టీలో చక్కెర కూడా ఉందని మరవకండి. రంగు పోయింది కదా అని వదిలేస్తే, ఆ తీపి జిగురు మీద వారంలో నల్లటి మట్టి పేరుకుంటుంది. ఒట్టి నీళ్ళతో అద్దడం అందుకే.

పాలు, నెత్తురు, గుడ్డు, ఇవి పడితే వేడినీళ్ళు అసలు వద్దు. వేడికి గుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు ఆ ప్రొటీను పోగుల్లో గడ్డకడుతుంది. చల్లని నీళ్ళే వాడాలి. నెత్తురు మరకకు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడమని చెబుతుంటారు. తెల్లటి నూలు మీద సరే. రంగు తివాచీ మీద అయితే అది తివాచీ రంగునే తీసేస్తుంది.

పసిపిల్లలున్న ఇంట్లో తివాచీ మీద మూత్రం పడటం రోజూ ఉండేదే. అప్పుడప్పుడే పడితే గుడ్డలతో ఎంత తడి తీయగలిగితే అంత తీసి, చల్లని నీళ్ళు, ఆ తర్వాత వెనిగర్ నీళ్ళు అద్దితే చాలావరకు పోతుంది. రోజులు గడిస్తే సూక్ష్మజీవుల వల్ల అది అమ్మోనియాగా మారి, క్షారమై, తివాచీ రంగుల్ని మార్చేస్తుంది. అలా మారిన రంగు తిరిగి రాదు. వాసన మిగిలితే ఎంజైము ద్రావణాలు దొరుకుతాయి, కాని ఉన్నికి, పట్టుకు అవి వద్దని ముందే చెప్పాను.

కుంకుమ పడినప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, తడిగుడ్డతో తుడవడం. పొడిగా ఉన్నంతసేపూ కుంకుమ దుమ్ములాంటిదే. నీటి చుక్క తగిలిందా, అది రంగుద్రవం అయిపోతుంది. బజారు కుంకుమల్లో కృత్రిమ రంగులు ఉంటాయి, అవి ఉన్నికి ఇట్టే పడతాయి. తడిచేయి తగలనివ్వకుండా వాక్యూమ్‌తో లాగండి. లేకపోతే వెడల్పాటి టేపు జిగురువైపు ఆనించి, ఎత్తి, మళ్ళీ ఆనించి, మొత్తం తీసేయండి. పూజ రోజున తివాచీ మీద పీట వేసేటప్పుడు కింద పాత దుప్పటి పరిస్తే ఈ బెడదే ఉండదు.

మిగిలినవి గబగబా చెబుతాను. బాల్‌పెన్ను సిరాకు స్పిరిట్, ఆవకాయకు చెప్పిన పద్ధతిలోనే. కొవ్వొత్తి మైనం పడితే ముందు ఐసు ముక్క పెట్టి గట్టిపరచి, పగలగొట్టి తీయండి. మిగిలినదాని మీద గోధుమరంగు కాగితం వేసి, ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో ఆనిస్తే మైనం కాగితానికి ఎక్కుతుంది. ఇది ఉన్నికి, నూలుకు మాత్రమే. పాలీప్రొపిలీన్ తివాచీ మీద ఇస్త్రీపెట్టె పెడితే పోగే కరిగిపోతుంది. చూయింగ్ గమ్‌కూ ఐసే మందు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి జాగ్రత్తగా వినండి. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి దాని మీద పోయకండి. బ్లీచ్ మీద వెనిగర్ పడినా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పడినా క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్, అమ్మోనియా కలిసినా విషవాయువే వస్తుంది. తలుపులు మూసిన గదిలో అది ప్రాణాలమీదికి తెస్తుంది. ఏ ద్రవం వాడినా ముందుదాన్ని ఒట్టి నీళ్ళతో పూర్తిగా తీసేశాకే రెండోది తీయండి.

చాలామంది అడిగే సందేహం ఇంకోటి. సాయంత్రం మరక పూర్తిగా పోయింది, తెల్లారేసరికి మళ్ళీ కనిపించింది, ఎందుకని? మరక అడుగున కొంత ఉండిపోయింది. పైన తడి ఆరుతున్నకొద్దీ, అడుగున ఉన్న తడి పోగులవెంట పైకి పాకి, తనతోపాటు రంగునూ తెచ్చి కొసల దగ్గర వదిలింది. దీనికి ఉపాయం సులువు. శుభ్రం చేశాక ఆ చోట తెల్లగుడ్డలు నాలుగైదు మడతలు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద రోలో, లావుపాటి పుస్తకాల కట్టో బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పైకొచ్చే రంగు గుడ్డలకు పడుతుంది. పొద్దున్నే గుడ్డలు తీసి, తివాచీ కింద గాలి ఆడేలా రెండు కుర్చీల మీద వేసి ఫ్యాను పెట్టండి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. వెనకవైపు జనుము ఉన్న తివాచీలు ఎక్కువ తడిసి ఆలస్యంగా ఆరితే, జనుములోని గోధుమరంగు పైకి వచ్చి కొత్త మరక పడుతుంది. అలాంటిదానికి వెనిగర్ నీళ్ళు కొంత పనిచేస్తాయి.

ఇంత చెప్పాక, పోని మరక గురించి కూడా చెప్పాలి. అది గోరింటాకు. ఆషాఢంలో ఆడపిల్లలు చేతులకు పెట్టుకుని తివాచీ మీద కూర్చుంటారు, ముద్ద ఒకటి జారుతుంది. గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంది. అది కెరాటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, గోళ్ళకు పండేది అలాగే. ఉన్ని కూడా కెరాటినే అని ఇందాక అనుకున్నాం. అంటే ఆ తివాచీ మరకపడటం లేదు, పండుతోంది. పడిన క్షణంలోనే చెంచాతో ఎత్తేసి, చల్లని నీళ్ళతో అద్దితే చాలావరకు బయటపడతాం. గంట ఆలస్యమైతే ఇక స్పిరిట్, వెనిగర్, కుంకుడు ఏవీ పనిచేయవు. బ్లీచ్ పోస్తే తివాచీయే పోతుంది. రంగు కొసలకే అంటి ఉంటే, చిన్న కత్తెరతో పైపైన కొసలు మాత్రం కత్తిరించవచ్చు. అడుగుదాకా దిగితే, చేత్తో ముడులు వేసిన తివాచీ కాబట్టి, తివాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళు ఆ కొద్ది ముడులను వెనకనుంచి విప్పేసి, పక్కనున్న రంగుకు కుదిరే ఉన్ని తెచ్చి, అదే వరసలో మళ్ళీ ముడివేసి, కత్తెరతో సమం చేసి ఇస్తారు. అప్పగించేటప్పుడు మరక దేనిదో, దాని మీద మీరు ఇంతవరకు ఏమేం రాశారో దాచకుండా చెప్పండి.